కాంతి గణించిన నాటి నుండి: షాంటిలీ ప్రకరణము

గణించు అంగము ఒకచోట, దత్తాంశమును దాచు అంగము వేరొకచోట, రెంటి నడుమ ఒక్క సన్నని దారి: 1945లో వాన్ నాయ్‌మన్ తన నివేదికయందు వర్ణించిన ఈ కంప్యూటరు నిర్మాణము ఏ విధముగా లోకమంతట వ్యాపించెనో గత ప్రకరణమున చూచితిమి. ఆ దారి ఇరుకైనదన్న సంగతి శాస్త్రగ్రంథములకు ఎక్కుటకు పూర్వమే, దత్తాంశము లెక్కకు మించి వచ్చిపడు కొన్ని వృత్తులవారికి అది నిత్యానుభవమై యుండెను. వారు సర్వకార్యములకును ఒక్క యంత్రమునే నమ్ముకొనక, వేర్వేరు స్వభావములు గల సాధనములను చేర్చి నిలిపి, దేనికి తగిన పనిని దానికి ఒప్పగించు పద్ధతిని ఏనాడో అవలంబించిరి. నేడు పరిశోధకులు విజాతీయ గణనవ్యవస్థలని చెప్పుచున్నది ఈ పద్ధతినే. దీని చరిత్రను చెప్పుటకు వర్జీనియా రాష్ట్రమందలి షాంటిలీకంటె తగిన తావు నాకు కానరాలేదు.

షాంటిలీ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పడమటి భాగమున, డల్లెస్ విమానాశ్రయమును ఆనుకొని యున్న ఊరు. 1862 సెప్టెంబరు 1న, అమెరికా అంతర్యుద్ధకాలమున, ఉరుములతోడి వర్షములో ఇచ్చట ఒక సంగ్రామము జరిగెను. అటుపిమ్మట నూరేండ్లపాటు ఈ ప్రాంతము పొలములతోను పచ్చికబయళ్లతోను గడపినది. 1962లో విమానాశ్రయము వెలసిన పిదప భూముల స్వరూపమే మారిపోయినది. అమెరికా గూఢచర్య ఉపగ్రహములను నిర్మింపజేసి నడపు నేషనల్ రికనయసెన్స్ ఆఫీసు ప్రధాన కార్యస్థానము ఈ ఊరనే యున్నది. 1961లో పుట్టిన ఆ సంస్థ ఉన్నదన్నమాటను సైతము ప్రభుత్వము 1992 సెప్టెంబరు 18 వరకు ఒప్పుకొనలేదు. షాంటిలీలో 30 కోట్ల డాలర్లకు పైబడిన వ్యయముతో దానికొరకు లేచుచున్న భవనసముదాయపు గుట్టు 1994లో సెనేటు సభ్యులు వెల్లడిచేసినప్పుడు గాని దేశప్రజలకు తెలియరాలేదు.

2011 సెప్టెంబరు 17న, ఆ సంస్థ అర్ధశతాబ్ది ఉత్సవ సందర్భమున, షాంటిలీలోని ఉద్వార్-హేజీ కేంద్రమను విమానాంతరిక్ష వస్తుప్రదర్శనశాల ఆవరణమున ఒక్కదినము మాత్రము ఒక మహాయంత్రమును జనులకు చూపిరి. 60 అడుగుల పొడవుగల ఆ యంత్రము పేరు హెక్సగన్. 1971 మొదలు 1980ల నడిమి వరకు ఈ జాతి ఉపగ్రహములు భూమిని ఛాయాచిత్రములు తీసినవి. ఒక్కొక్కటి సుమారు 60 మైళ్ల పొడవుగల ఫిల్మును మోసికొని పోయెడిది. తీసిన ఫిల్మును నాలుగు కోశములలో చుట్టి, ఒకదాని వెంట ఒకటిగా భూమికి జారవిడిచెడిది. పసిఫిక్ సముద్రముపై పారాచూటుతో దిగివచ్చు కోశమును విమానమొకటి కొక్కెములతో ఆకాశమందే పట్టుకొనవలెను. మొదటి యాత్రలోనే మూడవ కోశపు పారాచూటు తెగి, అది సముద్రగర్భమున 16,000 అడుగులకు మించిన లోతున పడెను. 1972 ఏప్రిలులో ట్రియెస్ట్-2 అను జలాంతర్యానము ఆ లోతునకు దిగి దానిని పట్టుకొనెను గాని, పైకి తెచ్చుచుండగనే తడిసిన ఫిల్ము ముక్కలై చెదరిపోయినది. చిత్రమును తీయుటకంటె దానిని చూడవలసినవాని కన్నులయెదుటికి చేర్చుటయే దుష్కరమని ఇంత బాధాకరముగా చెప్పిన ఉదంతము గణనచరిత్రలో మరియొకటి నాకు తెలియదు. 1976 డిసెంబరు 19న ఎగిరిన కెహెచ్-11 ఉపగ్రహము ఫిల్మును విడిచి చిత్రమును విద్యుత్సంకేతములుగా పంపనారంభించుటతో ఆకాశము నుండి భూమికి గల దారి సుగమమయ్యెను. యంత్రములోపలి దారి మాత్రము ఇరుకుగనే మిగిలినది.

ఆ ఇరుకును దాటుటకు జరిగిన తొలి ప్రయత్నము కటకములతోను కాంతితోను జరిగినది. సాధారణమైన ఛాయాగ్రహణయంత్రమునకు మేఘములును చీకటియు అడ్డు. రాడారునకు రెండును అడ్డుగావు. కాని రాడారు చూపు దాని ఆంటెన్నా పొడవును బట్టి యుండును. ఆకాశము నుండి ఇండ్లను, రోడ్లను విడివిడిగా గుర్తింపవలెనన్న మైళ్ల పొడవుగల ఆంటెన్నా కావలసివచ్చును. గుడ్‌ఇయర్ సంస్థలో ఇంజనీరైన కార్ల్ వైలీకి 1951లో ఒక ఉపాయము తోచినది: చిన్న ఆంటెన్నానే ముందుకు నడపుచు, దారిపొడవున అందిన ప్రతిధ్వనులను తరంగదశలతోసహా పదిలపరచి, అన్నిటిని తగినరీతిగా కూర్చినచో, ఆ దారియంత పొడవుగల ఆంటెన్నాతో చూచిన ఫలితమే లభించునని. సింథటిక్ ఎపర్చర్ రాడారు అనుదానికి మూలము ఇదియే. దీనికి చెల్లింపవలసిన మూల్యము దత్తాంశపు రాశి. నేలమీది ఒక్క బిందువు ప్రతిధ్వని వందలకొలది, వేలకొలది స్పందములలో చెల్లాచెదరై యుండును. చిత్రమందలి ప్రతి బిందువునకును వాని నన్నిటిని వెదకి తెచ్చి కలుపవలెను. 1950ల కంప్యూటరులకు ఇది ఊహకైనను అందని పని.

మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన విల్లోరన్ ప్రయోగశాలలో లూయీ కట్రోనా, ఎమెట్ లీథ్ ప్రభృతులు ఆ పనిని కంప్యూటరునకు ఒప్పగింపనే లేదు. ప్రతిధ్వనులను ఫిల్ముపై గీతలుగా వ్రాసి, ఆ ఫిల్ముగుండ ఏకదశలో నడచు కాంతిని ప్రసరింపజేసిరి. నేలమీది ఒక బిందువు వలన ఫిల్ముపై పడిన వెలుగునీడల వరుస తానే ఒక చిన్న కటకమువలె ప్రవర్తించి, తనగుండ పోవు కాంతిని ఒక్కచోట కూడదీయును. మిగిలిన వక్రతలను స్తూపాకారములును శంక్వాకారములును అయిన గాజుకటకములు సరిచేయును. ఆవలివైపున రెండవ ఫిల్ముపై నేల చిత్రము స్పష్టమై నిలుచును. లక్షలకొలది కూడికలును గుణకారములును, కాంతి గాజును దాటు వేళలో, ఒక్కమారుగా జరిగిపోవును. 1957లో వారు ఈ రీతిగా పూర్ణస్ఫుటమైన రాడారు చిత్రమును సాధించిరి. నాటికింకను లేసరు పుట్టలేదు. పిమ్మట కొన్ని యేండ్లకే ఇదే లీథ్, యూరిస్ ఉపాట్‌నియెక్స్‌తో కలిసి, లేసరు కాంతితో హోలోగ్రాములు తీసి లోకప్రసిద్ధుడయ్యెను. రాడారు ఫిల్మును ఒకవిధమైన హోలోగ్రాముగా భావించిన మనస్సునకు ఆ రెండవ ఆవిష్కారము సహజముగా స్ఫురించినదేయని నా నమ్మకము.

1964 డిసెంబరు 21న నేషనల్ రికనయసెన్స్ ఆఫీసు క్విల్ అను ఉపగ్రహమును ప్రయోగించినది. కక్ష్య నుండి ఇట్టి రాడారుతో భూమిని చూచిన మొదటి ఉపగ్రహము అదియే. దాని సంకేతములనుండి చిత్రములను విడదీసినవి ఈ కాంతియంత్రములే. దాని సంగతి 2012లో గాని బహిర్గతము కాలేదు. ఎలక్ట్రానిక్ పరికరము సంకేతమును పట్టుటయు, ఫిల్ము దానిని దాచుటయు, కాంతి గణించుటయు, మానవుడు చూచి నిర్ణయించుటయు: ఇంతకంటె విజాతీయమైన గణనవ్యవస్థ నేటికిని అరుదు. పరిశోధనాపత్రములు ఈ విషయమును గ్రాఫిక్స్ ప్రాసెసరులతో మొదలుపెట్టుట నాకు న్యాయముగా తోచదు. విల్లోరన్‌లోని ఆ గాజు బల్లలకు మొదటి పుట దక్కవలెను.

కాంతియంత్రమునకు లోపములు లేకపోలేదు. ఫిల్ము వెలుగునీడల వ్యాప్తి పరిమితమైనది. కటకములు ఇసుమంత కదలినను చిత్రము చెడును. ఫలితమును అంకెలలో కొలుచుట కష్టము. కావున 1978 జూనులో సీశాట్ ఉపగ్రహము ఎగిరి, సముద్రములను, భూములను రాడారుతో చూచి పంపిన వేళకు, డిజిటల్ కంప్యూటరుతో ఆ పని చేయవలెనను పట్టుదల బలపడినది. కెనడాలోని వాంకూవరులో మెక్‌డొనల్డ్ డెట్‌వైలర్ సంస్థవారు ఆ ఏటనే ఒక మినీకంప్యూటరుపై అట్టి చిత్రమును తీసి చూపిరి. ఒక్క చిన్న దృశ్యమునకు ఒక దినమును మించిన కాలము పట్టినది.

ఇంత ఆలస్యమునకు కారణము కూడికలు కావు. షావుకారు చిట్టాలో పద్దులు దినముల వరుసను పడును, ఆవర్జాలో అవే పద్దులు ఆసాముల వరుసను ఉండవలెను. చిట్టా నుండి ఆవర్జాకు ఎత్తివ్రాయు గుమాస్తా ఒక్కొక్క ఆసామికొరకు చిట్టా పుటలన్నిటిని తిప్పవలసి యుండును. రాడారు దత్తాంశమునకును ఇదే అవస్థ. ఒక్కొక్క స్పందపు ప్రతిధ్వని ఒక అడ్డువరుసగా మెమరీలో వ్రాయబడును. చిత్రమును కూర్చుటలో మొదటిపని ఆ అడ్డువరుసల వెంబడి సాగును. రెండవపని నిలువువరుసల వెంబడి సాగవలెను. నిలువున చదువబూనినపుడు పొరుగు అంకెలు మెమరీలో ఒకదానికొకటి వేల స్థానముల దూరమున నుండును. ప్రతి అంకెకును వేరొక పుట తిప్పవలసివచ్చును. మలుపు తిప్పుట యని ఇంజనీర్లు చెప్పుకొను ఈ ఘట్టమున ప్రాసెసరు చేతులు ముడుచుకొని కూర్చుండి, మెమరీ అందిచ్చువరకు ఎదురుచూచును. సీశాట్ 105 దినములకే విద్యుద్దోషమున మూగబోయినది. అది అందిచ్చిన రాడారు దత్తాంశము మొత్తము 42 గంటలది మాత్రమే. అయినను దానిలో అధికభాగము కాంతిపద్ధతితోనే చిత్రములై, మిక్కిలి స్వల్పభాగమే డిజిటల్ రూపము దాల్చినది. టేపులలో నిదురించిన తక్కిన దానిని అలాస్కాలోని ఉపగ్రహకేంద్రమువారు 2013లో, 35 సంవత్సరముల తరువాత, అంకెల చిత్రములుగా వెలువరించిరి.

షాంటిలీలోని ఉద్వార్-హేజీ కేంద్రము 2003 డిసెంబరులో తెరువబడినది. డిస్కవరీ షటిల్ నిలిచియున్న దాని అంతరిక్షశాలలో, సందర్శకులలో పెక్కుమంది డిస్కవరీ వైపునకే పోవుదురు గాని, మన కథకు ముఖ్యమైనది ఆ శాలలోనే యున్న మరియొక వస్తువు: 2000 ఫిబ్రవరి 11న ఎండెవర్ షటిల్‌పై ఎగిరిన రాడారు స్తంభము. కార్బన్‌నార, ఉక్కు, టైటానియములతో చేసిన 87 చట్రములు మడతలుపడి మూడు మీటర్లకు లోపైన పెట్టెలో ఇమిడియుండెడివి. కక్ష్యలో అవి ఒక్కొక్కటిగా విప్పుకొని 60 మీటర్ల పొడవున చాచుకొన్నవి. షటిల్‌లోని రాడారు ఒక కన్నుగా, స్తంభపు చివరి ఆంటెన్నా రెండవ కన్నుగా, 11 దినములలో భూభాగమున నూటికి 80 వంతుల ఎత్తుపల్లములను కొలిచినవి. లభించిన దత్తాంశము సుమారు 12 టెరాబైట్లు. అంత రాశిని రేడియో దారిని దింపుటకు వీలులేక, 300లకు పైబడిన టేపులలో నింపి షటిల్‌తోపాటు నేలకు తెచ్చిరి. దానిని పటములుగా మలచుటకు జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలకు సంవత్సరములు పట్టినది. తొలి హెక్సగన్ కోశములు సముద్రముపై దిగిన సుమారు మూడు దశాబ్దులకును, అధికరాశి దత్తాంశమును చేరవేయుటకు చేతిమోతయే శరణ్యమై యుండుట గమనింపదగినది.

యంత్రములోపలి అవరోధమునకు శాస్త్రభాష నొసగినవారును వర్జీనియావారే. షాంటిలీకి నైరుతిదిశన షార్లట్స్‌విల్‌లోని వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం వుల్ఫ్, శాలీ మెకీ అను ఇరువురు 1995లో కొలది పుటల వ్యాసమొకటి ప్రకటించిరి. ప్రాసెసరుల వేగము ఏటేట పెరుగుచున్న రీతిని మెమరీ వేగము పెరుగుట లేదు. ప్రాసెసరు చెంతనే అంకెలను నిలుపు చిన్న మెమరీలైన క్యాషులను ఎంత చాకచక్యముగా అమర్చినను, వానిలో దొరకని ఆ కొద్ది అంకెలకొరకు చేయు నిరీక్షణయే తుదకు కాలమునంతటిని మ్రింగును. ప్రాసెసరు మెమరీ గోడకు ఢీకొని నిలిచిపోవును. ఇది వారి వాదము. వుల్ఫ్ ఇంతకుముందు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 16 మినీకంప్యూటరులను ఒకే మెమరీకి జతపరచిన సి.ఎంఎంపి యంత్రమునకు హైడ్రా అను నిర్వాహకవ్యవస్థను నిర్మించినవాడు. అచ్చటి కంప్యూటరు శాస్త్రవిభాగముననే, ఆ దినములలోనే, చిత్తూరు జిల్లా కాటూరున పుట్టిన మన రాజ్ రెడ్డిగారు మనుష్యుని పలుకును యంత్రముచేత గ్రహింపజేయు పరిశోధనను నడపుచుండిరి. ధ్వనిరాశిని క్షణములో నమలవలసిన ఆ పనికంటె గణకయంత్రముల దాహమును స్పష్టముగా చూపినవి నాడు బహుకొద్ది.

గోడకు వెల కాలము మాత్రమే కాదు, విద్యుత్తు కూడ. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ హోరోవిట్జ్ 2014లో ఇచ్చిన లెక్క ప్రకారము, 45 నానోమీటర్ల చిప్పుపై రెండు 32-బిట్ దశాంశసంఖ్యలను కూడుటకు ఒక పికోజౌలునకు లోపే చాలును; అట్టి సంఖ్యను వెలుపలి డీరామ్ మెమరీ నుండి తెచ్చుటకు వందల రెట్ల శక్తి కావలెను. కూడిక చవుక, రవాణా ప్రియము. ఈ ఒక్క లెక్క మనసున నిలిపికొన్నవానికి గడచిన ముప్పదియేండ్ల పరిశోధన అంతయు కరతలామలకమగును.

పోటోమాక్ నదికి ఆవలియొడ్డున, మేరీలాండులోని బోవీ పట్టణమున సూపర్‌కంప్యూటింగ్ రీసెర్చ్ సెంటర్ అను సంస్థ యుండెను. 1980ల చివర మాయా గోఖలే ప్రభృతులు అచ్చట స్ప్లాష్ అను యంత్రమును నిర్మించిరి. తయారైన పిదపకూడ లోపలి తీగల అల్లికను కోరినట్లు మార్చుకొనదగిన ఎఫ్‌పీజీఏ చిప్పులు 32 దానిలో నుండెను. దానిపై నడచిన పనులలో పేరుపొందినది జన్యువరుసల పోలిక. ఒక వరుసలోని అక్షరములను, అక్షరమునకు ఒక గదిచొప్పున, చిప్పులలో నిలుపుదురు. రెండవ వరుస ఆ గదులగుండ ప్రవాహముగా సాగును. ప్రతి అడుగునను గదులన్నియు ఏకకాలమున తమతమ పోలికను లెక్కించి పొరుగు గదికి అందించును. మెమరీ నుండి ఒక్కసారి వచ్చిన అక్షరము తిరిగి మెమరీ ముఖము చూడకుండ వందల లెక్కలకు ఉపకరించును. ఈ ఒక్క పనియందు ఆ చిన్న యంత్రము ఆనాటి క్రే-2 మహాయంత్రముకంటె 300 రెట్లకు మించిన వేగమును చూపినది. కాని స్ప్లాష్‌ను నడపుటకు ప్రోగ్రాము వ్రాయుట చాలదు. తర్కవలయములను తీర్చిదిద్దు విద్య తెలిసియుండవలెను. వేగమునకై యంత్రము ఆదాచేసిన కాలమును మనుష్యుడు ముందే వెచ్చింపవలసివచ్చెను. సామర్థ్యమును కొలుచునపుడు మనుష్యుని మాసములను లెక్కలో చేర్చని కొలతను నేను సంపూర్ణమని ఒప్పుకొనను.

తరువాతి కథ త్వరితగతిని నడచినది. వీడియో ఆటల బొమ్మలకొరకు పుట్టిన గ్రాఫిక్స్ ప్రాసెసరులను 2007 నాటికి సామాన్యగణనకు తెరచిరి. 2008లో ఆప్టెరాన్, సెల్ అను రెండు జాతుల ప్రాసెసరులను జతపరచిన రోడ్‌రన్నర్ సెకనునకు కోటికోట్ల లెక్కలకు పదిరెట్లైన పెటాఫ్లాప్ మెట్టును మొదట ఎక్కినది. 2022లో ఎక్సాఫ్లాప్ మెట్టెక్కిన ఫ్రంటియర్ యంత్రమున ప్రతి సామాన్య ప్రాసెసరునకు నాలుగేసి గ్రాఫిక్స్ ప్రాసెసరులున్నవి. వర్జీనియా టెక్ ఆచార్యులు వూ-చున్ ఫెంగ్, కర్క్ కామెరాన్ 2007 నవంబరులో గ్రీన్500 పట్టికను ప్రారంభించి, వేగమును గాక ఒక్కొక్క వాట్టునకు లభించు వేగమును పోటీకి పెట్టిరి. షార్లట్స్‌విల్‌లో కెవిన్ స్కాడ్రన్ బృందము 2009లో రొడీనియా అను పరీక్షల సంపుటిని ప్రకటించి, ఒకే పనిని బహుకోర్ ప్రాసెసరుపైనను గ్రాఫిక్స్ ప్రాసెసరుపైనను నడిపి పోల్చుటకు వీలుకల్పించినది. ఇట్టి పోలికలయందు పదేపదే బయటపడిన సత్యమొకటి కలదు: గ్రాఫిక్స్ ప్రాసెసరు లెక్కను రెప్పపాటున ముగించినను, దత్తాంశమును దాని మెమరీకి పంపి ఫలితమును తెచ్చుకొనుటలో లాభమంతయు హరించిపోవు పనులు ఎన్నియో ఉన్నవి. అందుచేతనే 2018లో అదే స్కాడ్రన్ నాయకత్వమున, 2.75 కోట్ల డాలర్లతో, క్రిస్ప్ అను కేంద్రము వెలసి, దత్తాంశమును ప్రాసెసరు వద్దకు తెచ్చుట మాని, మెమరీలోనే, నిల్వచోటనే లెక్కను జరుపు మార్గములను పరిశోధించినది.

షాంటిలీ వీధులలో ఈ పరిశోధన పండితచర్చగా మిగులలేదు. పొరుగున లౌడన్ కౌంటీలోను, షాంటిలీ చుట్టుప్రక్కలను కిటికీలు లేని డేటాకేంద్రములు వరుసలుదీరి యున్నవి. 2023లో అమెరికా విద్యుత్తులో నూటికి 4.4 వంతులను డేటాకేంద్రములు వాడుకొన్నవని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల అంచనా; ఒక్క వర్జీనియాలోనైతే రాష్ట్రవినియోగమున సుమారు నాల్గవవంతు వానిదే. కొత్త తీగలెక్కడ లాగవలెను, ఉపకేంద్రమును ఎవరి పెరటిప్రక్కన నిలుపవలెను అను వివాదములు కౌంటీ సభలలో నడచుచున్నవి. ఆ ఇండ్లలో తెలుగువారివి స్వల్పసంఖ్య కాదు. 1974 నుండి వాషింగ్టన్ ప్రాంతమున తెలుగు సాంస్కృతిక సంఘమున్నది, షాంటిలీలోనే రాజధాని మందిరమున్నది, ఉదయమున డేటాకేంద్రపు కొలువునకు పోయి సాయంకాలము ఉపకేంద్రమును వలదనుటకు సభకు పోవలసిన సంసారులున్నారు. ఒక అంకెను మెమరీ నుండి తెచ్చుటకు పట్టు పికోజౌళ్లను తగ్గించిన పరిశోధకుడు వారి పెరటికిని మేలుచేసినవాడే యని నేను మనఃపూర్వకముగా భావింతును.

2025 జూలై 30న మన శ్రీహరికోట నుండి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 వాహనముపై నైసార్ ఉపగ్రహము కక్ష్యకు చేరినది. నాసా, ఇస్రోలు కలిసి నిర్మించిన ఈ రాడారునకు 12 మీటర్ల జాలదర్పణము కలదు. 12 దినములకొక పర్యాయము అది చూచినచోటునే మరల చూచును. దినమునకు సుమారు 80 టెరాబైట్ల దత్తాంశోత్పత్తులు దీని నుండి వెలువడునని నాసా అంచనా: 2000లో ఎండెవర్ తన యాత్ర మొత్తమున తెచ్చిన రాశికి ఇది ఒక్కదినమున ఆరురెట్లకు మించినది. టేపులు మోయుట ఇక కుదరదు. కావున అనేక గ్రాహకములు పట్టిన ప్రతిధ్వనులను కక్ష్యలోనే కొంతవరకు కూర్చి, తగ్గించి, పిదపనే భూమికి దింపుదురు. ఆ చిత్రములను మలచు ఐఎస్‌సీఈ-3 అను సాఫ్ట్‌వేరు బహిరంగముగ లభించును. దానిలో బరువైన ఘట్టములకు సామాన్య ప్రాసెసరుపై నడచు రూపమును, గ్రాఫిక్స్ ప్రాసెసరుపై నడచు రూపమును రెండును వ్రాసియుంచిరి. ఏ ఘట్టమును దేనికి ఒప్పగించుట లాభమో ఇప్పటికిని మనుష్యుడే కొలిచి నిర్ణయించుచున్నాడు. ఆ నిర్ణయమును కంపైలరులకే అప్పగించుటకు జరుగుచున్న యత్నములు వచ్చు ప్రకరణమునకు విషయము.

(సశేషము)